నూకరత్నం అరచేతిపై నలభైఒక్క మైక్రాన్లు

గాలికాలం, నాలుగో రోజు

పాత పుస్తకం నిన్నటితో నిండింది. కొత్త పుస్తకం మొదటి పుటలో రాసేవాడు ఎవరో తెలపాలన్నది ఈ శాల పద్ధతి. నేను ద్వివేదుల నరహరిని, పొడిరేవు మెరుగుశాలలో లేఖరిని. వయస్సు డెబ్బైనాలుగు. బాల్యంలో సస్వర వేదపాఠమూ, యౌవనంలో వ్యాకరణమీమాంసలూ చదివాను. ఆ చదువుతో ఈ ఊరికి అవసరం లేకపోయినా, అది అలవరచిన జ్ఞాపకంతో అవసరం కలిగింది. వాహనం లోపలికి రాగానే మెరుగుపెట్టే మనిషి దీపం పట్టి, పూత మీది గీతలను ఒక్కొక్కటిగా పైకి చదువుతుంది. ఆ జాబితాను నేను మొదటినుంచి చివరికీ, చివరినుంచి మొదటికీ అప్పజెబుతాను. రెండూ సరిపోయాకనే ఇందులో ఎక్కిస్తాను.

ఈ రోజు ఏడో నంబరు వచ్చింది. ఊళ్లో మిగిలిన పదకొండు వాహనాల్లో రోగులను మోసేది అదొక్కటే. రాత్రంతా ఉప్పుగాలికి నిలిచినందున దాని తెలుపు బూడిదరంగుకు తిరిగింది. మెరుగుపెట్టే నూకరత్నం గీతలు చదివింది: బానెట్ ఎడమ అంచున వెంట్రుకగీతలు పద్నాలుగు, డ్రైవరు తలుపు పిడి కింద గోటిగీతలు తొమ్మిది, డిక్కీ మీద మబ్బుమచ్చ ఒకటి. తరువాత నురుగుతో కడిగింది. మెత్తని క్లే ముద్దను తడిపి రుద్ది, పూతలో గుచ్చుకున్న ఉప్పు రేణువులను లాగింది. ఆ పైన పాలిష్ మెషీన్ పట్టింది. పనికి ముందు అడుగు రంగుపూత మందం నూటపన్నెండు మైక్రాన్లు. తరువాత నూటపది.

ఒక పనిలో రెండు మైక్రాన్లకు మించి తీయరాదు. ఆ పూత ఎనభైకి దిగిన నాడు ఉప్పు ఇనుములోకి దిగుతుంది, వాహనాన్ని విప్పేస్తారు. కొత్తది ఎక్కడా తయారు కావడం లేదు.

చివరగా దాని మీద తోలుపూత వేసింది. తొమ్మిదేళ్ల కిందట పీపాలలో వచ్చిన సజీవపు పూత అది. ఎండ తగిలితే తన మీది గీతలను తానే పూడ్చుకుంటుంది. ఒంటి తోలులాగా మానుతుందని శాలలో వాళ్లు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. పూత పచ్చిగా ఉండగానే అరచేతి తుడుపు జరగాలి. మెరుగుపెట్టిన మనిషి కుడిచేతిని సున్నిపిండితో మూడుసార్లు తోముకొని, పద్యం చెప్పుకొని, తొడుగు లేని అరచేతితో వాహనాన్నంతా ఒకసారి తడమాలి. పూత కింద ఒక్క ఇసుక రేణువు మిగిలినా ఆ చేతికి తెలిసిపోతుంది.

నూకరత్నానికి పాతికేళ్ల అనుభవం. ఒక్క తుడుపుతో ఆమె పని ముగుస్తుంది. ఈ రోజు బానెట్‌ను మూడుసార్లు తడిమింది.

"ఏమయిందమ్మా?" అన్నాను.

"ఏటీ లేదండి పంతులుగారు. బండి మరీ నున్నగా ఉంది. అంత నున్నగా ఉంటే నాకు అనుమానం."

"నునుపును కూడా అనుమానిస్తావా?"

"మా అత్త కూడా పెళ్లికి ముందు అలగే ఉండేదండి."

వాహనం వెళ్లిపోయింది. లోపం లేదని రాశాను.


గాలికాలం, తొమ్మిదో రోజు

ఏడో నంబరు తిరిగివచ్చింది. బానెట్ అంతా పాలపొర కమ్మినట్టుంది. పూత కింద మిగిలిపోయిన ఇసుక, గాలి ఒత్తిడికి లోపలే తిరుగుతూ అడుగు రంగుపూతను నూరేసింది. దాన్ని తొలగించేసరికి మందం తొంభైఏడుకు పడిపోయింది. అయిదు రోజులలో పదమూడు మైక్రాన్లు. ఈ అంకె రాసి, నమ్మలేక మళ్లీ కొలిపించి, మళ్లీ అదే రాశాను.

శాలకు పెద్ద తవిటినాయుడు. ఒకప్పుడు తానూ మెరుగుపెట్టినవాడే. బానెట్ చుట్టూ రెండుసార్లు తిరిగి నిలబడ్డాడు.

"అక్కా, ఇది నీ చెయ్యేనా?"

"నా చెయ్యే."

"నీ చేతికి ఇసక తగల్లేదేటి?"

"తగిల్తే ఒగ్గెత్తానేటి, తవిటినాయుడూ?"

"ఇంకో బండి ఇలగొచ్చిందంటే నిన్ను కడుగుడు గట్టు మీదకి పంపించెత్తాను. అప్పుడు నా దగ్గరకొచ్చి ఏడిత్తే కుదరదు."

"నీ దగ్గరా? గాలికాలంలో కన్నీళ్లు దండగ. ఎండిపోయి ఉప్పే మిగుల్తాది, అదీ నేనే కడగాల."

తవిటినాయుడు నవ్వాపుకొని వెళ్లిపోయాడు. ఆమె నవ్వలేదు.

పదిగంటలకు టీ వచ్చింది. పొయ్యి మీదనుంచి అప్పుడే దించిన స్టీలు గ్లాసులు. నేను అలవాటు ప్రకారం ఉత్తరీయం కొసతో పట్టుకున్నాను. నూకరత్నం తన గ్లాసును అరచేతిలో నిలబెట్టుకొని, వేళ్లు ముడిచి, ఏడో నంబరు వైపే చూస్తూ కూర్చుంది. గ్లాసు నుంచి ఆవిరి లేస్తోంది. నేను లోలోపల లెక్కపెట్టాను. అరవై దాటింది. ఆమె చేయి మార్చలేదు.

"అమ్మా, ఆ గ్లాసు కింద పెట్టు," అన్నాను.

"ఏటండి?"

"కింద పెట్టు."

పెట్టింది. చేయి తిప్పి చూపమన్నాను. ఎర్రదనం లేదు, బొబ్బ లేదు. అరచేతిలో ఉండవలసిన రేఖలు కూడా లేవు. ఆయుష్యరేఖ మణికట్టు దగ్గర మొదలై రెండంగుళాలు నడిచి ఆగిపోయింది, ఎవరో తుడిచేసినట్టు. పైకప్పులోని ట్యూబ్‌లైటు ఆ అరచేతిలో సన్నగా, తెల్లగా, వంకర లేకుండా కనిపించింది.

అంత చక్కని ప్రతిబింబం పడితే అది ఉత్తమమైన పని అని ఇదే పుస్తకంలో ఎన్నోసార్లు రాసినవాడిని. ఈసారి కలం కదలలేదు.


గాలికాలం, పదో రోజు

శాలలో మిగిలినవారు కడుగుడు గట్టు మీద ఉండగా మందం కొలిచే మీటరు తెచ్చాను. అది వాహనాలకు వేసే పూతలను మాత్రమే కొలుస్తుంది. చెక్క మీద పెట్టినా, రాతి మీద పెట్టినా సున్న చూపుతుంది. దాన్ని నూకరత్నం కుడి అరచేతి నడుమ ఆనించాను.

నలభైఒకటి.

మీటరును నా అంగవస్త్రంతో తుడిచి మళ్లీ పెట్టాను. నలభైఒకటి. చూపుడువేలి కొన మీద ముప్పైఎనిమిది. మణికట్టు మీద ఆరు. ఎడమ అరచేతి మీద సున్న. ఆ చేతితో ఆమె ఎప్పుడూ తుడవదు. నా రెండు చేతుల మీదా సున్న. తొమ్మిదేళ్లుగా నేను వాహనాల గురించి రాశానే తప్ప ఒక్కదాన్నీ తాకలేదు.

ఆమె తన అరచేతిని ఎదుటివారి చేతిని చూసినట్టు చూసింది.

"ఎప్పట్నుంచి తెలియడం లేదు?" అన్నాను.

"కిందటి గాలికాలంలో చీర మెత్తదనం తెలీలేదండి. వయసనుకున్నాను. మొన్న మనవరాలికి జొరమొస్తే నుదురు మీద చెయ్యేశాను. చల్లగా ఉంది, నిద్దరోమన్నాను. వాళ్లమ్మ వచ్చి చూసి కేకేసింది. పిల్ల ఒళ్లు కాలిపోతోందంట."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారలేదు. అందువల్లనే నాకు భయం వేసింది.

"తవిటినాయుడికి చెప్పకండి," అంది. "గట్టు మీదకి పంపితే ఈ చేత్తో చీపురు కూడా పట్టుకోలేను. పట్టుకున్నానో లేదో తెలీదు కదండి."


గాలికాలం, పన్నెండో రోజు

చెప్పకుండా ఉండే అధికారం నాకు లేదు. ఊరి వైద్యురాలు డాక్టర్ మెహరున్నీసాకు కబురు పెట్టాను, తవిటినాయుడికీ చెప్పాను. అతను వెంటనే తన చేయి మీటరు కింద పెట్టాడు. తొమ్మిది. ఇతర మెరుగుపనివారిద్దరికి పద్దెనిమిది, ఇరవైఆరు. నూకరత్నం చేయి రెండు రోజులలో నలభైమూడుకు పెరిగింది.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది రోగం కాదండీ," అంది చివరకు. "ఇది దాని పని అది చేస్తోంది. గీత కనిపిస్తే పూడ్చాలి, అంతే దానికి తెలిసింది. బండి తలుపు మీది గీతకీ, అరచేతి మీద చర్మం పగిలిన గీతకీ తేడా దానికి ఏం తెలుస్తుంది? పూడ్చుకుంటూ వచ్చింది. చేతిరేఖలు కూడా దాని లెక్కలో గీతలే."

"ముందే ఎందుకు కనబడలేదండి?" అన్నాడు తవిటినాయుడు.

"ముప్పై మైక్రాన్ల లోపు కంటికి ఆనదు, స్పర్శకు అడ్డం రాదు. ముప్పై దాటాక అడుగున నరం కొనలు ఊపిరాడక మొద్దుబారతాయి, తరువాత పూత తగ్గినా అవి తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఇలాగే వదిలేస్తే నాలుగు నెలల్లో మోచేతి దాకా పాకుతుంది. కీళ్ల దగ్గర బిగుసుకుంటే వేళ్లు మడవడం కూడా కుదరదు." భూతద్దం దించి నూకరత్నాన్ని చూసింది. "పచ్చిపూతని వట్టి చేత్తో ముట్టుకున్నారా?"

"రోజూ ముట్టుకుంటామండి. అది పద్ధతి."

"ముట్టుకునే ముందు చేతికి ఏమైనా రాస్తారా?"

"సున్నిపిండితో తోముకుంటామండి. మూడుసార్లు, గట్టిగా. చెయ్యి శుద్ధిగా ఉండాల కదా."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. "మూడుసార్లు గరుకుపిండితో తోమితే చర్మం మీద కంటికి కనబడని గీతలు వేలల్లో పడతాయి. అప్పుడు తీసుకెళ్లి పూతలో పెడతారు. ఇంత చక్కగా దారి చేసి లోపలికి పిలిచింది ఎవరమ్మా? ఈ పద్ధతి ఎవరు పెట్టారు?"

"పెట్టడమేటండి, పీపాలొచ్చిన నాటినుంచీ ఉన్నదే. పూర్వుల పద్యం కూడా ఉంది," అని నూకరత్నం లేచి నిలబడి, మెరుస్తున్న చేయి గుండెకు ఆనించుకొని, ఒక్క అక్షరం జారకుండా చదివింది.

తొడుగు లేని చేయి తుదిసారి తాకనీ
కన్ను చూడలేని కరుకు తెలియు;
మరలు కొలుచు మందమాత్రమే కనుగొను;
స్పర్శ యొకటె నునుపు పదును నెరుగు.

"ఏ కాలందో తెలీదండి," అంది. "పంతులుగారు నేర్పారు మాకు."

అందరూ నా వైపు చూశారు. తవిటినాయుడు తలుపు వైపు నడిచాడు, డాక్టరమ్మ సంచి సర్దుకుంది. నేను నోరు తెరవలేదు. డెబ్బైనాలుగేళ్ల జీవితంలో ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత మౌనంగా చెప్పి ఎరుగను.


గాలికాలం, పదమూడో రోజు

పీపాలతో వచ్చిన అసలు కాగితం బీరువా అడుగున దొరికింది. దాన్ని తెలుగు చేసినది నేనే. పరాయిభాషలోని ఏడో వాక్యానికి నా అనువాదం ఇలా ఉంది: "పూత ఆరిపోవువరకు వట్టి చేతితో తాకరాదు." అందులో సందేహానికి తావు లేదు. దాని పక్కనే అంచున, నా చేతిరాతతోనే ఈ వ్యాఖ్య ఉంది: "నిషేధప్రయోజనము: హస్తమాలిన్యమువలన పూత చెడకుండుట. ప్రక్షాళితహస్తమునకు ఈ నిషేధము వర్తింపదు."

కుర్చీ వెతుక్కొని కూర్చున్నాను.

ఆ రోజు నా ఆలోచన ఎలా నడిచిందో స్పష్టంగా గుర్తుంది. తాకరాదు అన్న మాట వినగానే, మడి కట్టుకున్న ఇంట పెరిగిన నాకు, కాపాడవలసినది తాకబడే వస్తువే అని తోచింది. తాకే చేతికి ప్రమాదం ఉండవచ్చునన్న ఊహే రాలేదు. మా ఇంట్లో ముట్టరాదన్న ప్రతిదీ మన చేతినుంచి రక్షించవలసినదే. ఇక శాస్త్రం చెప్పే పద్ధతిలో నిషేధానికి ప్రయోజనం వెతికాను. చెమట, జిడ్డు అని నిర్ణయించాను. ప్రయోజనం తీరినచోట నిషేధం నిలవదు కనుక, శుద్ధమైన చేతికి దోషం లేదని తేల్చాను. సున్నిపిండి నా నిర్ణయమే. మూడుసార్లన్నదీ నా నిర్ణయమే. ఇంత తర్కం చేసినవాడిని, కాగితం పంపినవారికి ఒక చీటీ రాసి ఎందుకు తాకరాదని అడగలేదు.

పద్యం ఎందుకు కట్టానో కూడా గుర్తుంది. ఆ ఉదయం డ్రైవర్లు గట్టు మీద కూర్చుని, పంతులుగారి చదువు బండి తుడవడానికి పనికొస్తుందా అని నవ్వుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఆటవెలది సిద్ధం చేసి, కళ్లు మూసుకొని, రాగం తీసి వినిపించాను. ఎవరిదండీ అని అడిగినవారికి జవాబివ్వలేదు. పూర్వుల వాక్కు అని వారే అనుకున్నారు, నేను దిద్దలేదు. ఆ గౌరవం నాకు తియ్యగా ఉండింది.

కాగితం పట్టుకొని నూకరత్నం దగ్గరకు వెళ్లాను. పూత ఎండకు పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పగా, ఆమె చేతికి నల్లగుడ్డ చుట్టుకుంటోంది.

"ఆ పద్యం పాతది కాదమ్మా. నేనే కట్టాను."

గుడ్డ చుట్టడం ఆగింది. "మీరా?"

"నేనే. పీపాలు వచ్చిన రోజున."

"ఎంతసేపట్లో?"

"ఒక గంటలో."

"గంటా." కాగితం అందుకొని, చదవకుండానే ఒళ్లో పెట్టుకుంది. "మీరెప్పుడైనా బండి తుడిచారేటండి?"

"లేదు."

"ఒక్కసారైనా? సరదాకైనా?"

"లేదమ్మా."

నేను తిట్ల కోసం ఎదురుచూశాను. అవి వస్తే ఎంతో కొంత తేలికపడేవాడిని.

"పద్యం బాగుందండి," అంది ఆమె. "అదే వచ్చిన చిక్కు. బాగోకపోతే రెండో రోజుకే మరిచిపోదుం."

ఆ తరువాత డాక్టరమ్మ తేల్చిన విషయం చెప్పింది. పూతను తీయగలిగినది పాలిష్ ఒక్కటేనట. అరచేతిని కూడా తలుపు పలకలాగే, రోజుకు రెండు మైక్రాన్ల చొప్పున, చేత్తో రుద్ది దింపాలి. ఒక్క మైక్రాను ఎక్కువైనా పచ్చిచర్మం లేచిపోతుంది. పూత పట్టిన చేయి పూత పట్టిన చేతిని తాకితే, నడుమ తొడుగున్నా సరే, రెండూ అతుక్కుంటాయి కాబట్టి శాలలో పనివారెవరూ పనికిరారు. డాక్టరమ్మకు కుట్లు వేయడం వచ్చు, పాలిష్ రాదు.

"మీ చేతి మీద సున్న ఉంది," అంది నూకరత్నం.

"నాకు చేతకాదమ్మా. నా చేయి వణుకుతుంది కూడా."

"నాకూ మొదట చేతకాదు. నేర్పుతాను. పద్యం కట్టిన చెయ్యే రుద్దాల, పంతులుగారు. ఇంకొకరు రుద్దితే నేనొప్పుకోను."


గాలికాలం, పద్నాలుగో రోజు

ప్రారంభమందం నలభైనాలుగు. రబ్బరు తొడుగులు వేసుకున్నాను. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ, బియ్యపుగింజంత పాలిష్ ముద్ద, మూడు చుక్కల నీళ్లు.

"అలగ కాదండి. గుండ్రంగా తిప్పకండి, సుడిగీతలు పడిపోతాయి. నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు. ఒత్తకండి. గుడ్డ బరువే చాలు."

"ఇలాగా?"

"మీరు నన్ను రుద్దుతున్నారా, దీవిస్తున్నారా?"

గంటసేపటికి నలభైరెండు. నా వీపు చెమటతో తడిసింది. అరచేయి అంటే ఏమిటో ఇంతకాలం అక్షరాలలోనే ఎరుగుదును. దాని నడుమ పల్లం, బొటనవేలి కింది ఉబ్బు, వేళ్ల మొదళ్ల గట్లు, వీటిలో ఏదీ తలుపు పలకలాగా సమతలం కాదు. ప్రతిచోటా ఒత్తిడి వేరు. ఇరవై విడతలయ్యాక నేను తలెత్తినప్పుడు ఆమె నా ముఖం చూస్తోంది. తన చేతికి ఏమీ తెలియదు కనుక, ఏం జరుగుతోందో నా ముఖంలో చదువుతోంది.


గాలికాలం, పదహారో రోజు

నలభై. చర్మం ఎలా ఓర్చుకుంటుందో చూడాలని డాక్టరమ్మ నిన్న పని ఆపించింది. ఈ రోజు పని ముగిశాక తవిటినాయుడు వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. పద్యం నాదేనని అతనికి నిన్ననే చెప్పాను.

"పంతులుగారూ, మన పద్యం డ్రైవర్ల నోట పడి మిగతా ఊళ్లకి పోయింది. ఎన్ని శాలల్లో పాడతన్నారో తెలుసేటి మీకు?"

తెలియదన్నాను.

"ఆరు," అన్నాడు. "చిన్నవీ పెద్దవీ కలిపి డెబ్బైమంది పైనే తుడుస్తారు."

అతను లేచి వెళ్లాడు. డెబ్బై కుడిచేతులు. అప్పటికప్పుడే ఆరు చీటీలు రాశాను. అలంకారం లేదు, అన్వయక్లేశం లేదు. అరచేతి తుడుపు ఆపండి, సున్నిపిండి ఆపండి, మీటరుతో చేతులు కొలుచుకోండి, ఇది లేఖరి ద్వివేదుల నరహరి తప్పు. మధ్యాహ్నం బయలుదేరిన వాహనంతో పంపాను.


గాలికాలం, ఇరవైతొమ్మిదో రోజు

పద్నాలుగు. తలుపు పక్కన నీళ్ల బిందె ఉంది. పని ముగిశాక నూకరత్నం దాని మీద చేయి ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది.

"ఏదో ఉందండి. చల్లదనం కాదు. చల్లదనం పక్కింట్లో ఉన్నట్టు."

అంతే. నేను ఆ మాటను యథాతథంగా రాశాను.


గాలికాలం, ముప్పైఆరో రోజు

ఉదయం రెండు. డాక్టరమ్మ పక్కనే కూర్చుంది. నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు. గుడ్డ ఎత్తి మీటరు పెట్టాను. ఒకటి. గుడ్డ తడిపి మళ్లీ మొదలుపెట్టాను. అడ్డంగా నాలుగోసారి రుద్దుతుండగా నూకరత్నం చేయి లాగేసుకుంది. నేను చర్మం కోసేశానేమోనని గుడ్డ జారవిడిచాను.

"మండుతోంది," అంది. "మండుతోందండి, బాబోయ్, నిప్పెట్టినట్టు మండుతోంది." కళ్లవెంట నీళ్లు కారుతుంటే, ఊదుకుంటూ నవ్వుతోంది.

మీటరు అరచేతి నడుమ సున్న చూపింది. కొత్త చర్మం గులాబిరంగులో ఉంది. రేఖలు లేవు. అవి తిరిగిరావని డాక్టరమ్మ చెప్పింది. చూపుడువేలికీ మధ్యవేలికీ కొనల మీద పన్నెండేసి మైక్రాన్లు మిగిలాయి. అక్కడ పూత నరం కొనలను చంపి మాంసంలో వేళ్లూనింది, తీస్తే గాయం మానదు. మెరుగుపనిలో ఇసుకను పట్టుకునేవి ఆ రెండు వేలికొనలే.

నూకరత్నం వాటిని బొటనవేలితో రుద్ది చూసుకుంది. "ఇకమీద మీటరే చూసుకోవాల," అంది. తరువాత ఇంటికి వెళ్లింది. మనవరాలి నుదురు తాకడానికి పిల్లకు జ్వరం అవసరం లేదని చెప్పి వెళ్లింది.


గాలికాలం, ముప్పైఎనిమిదో రోజు

ఆరు చీటీలకు ఒక్క జవాబు వచ్చింది. అన్నిటికన్నా పెద్దదైన ఎర్రదిబ్బ శాలనుంచి, దాని పెద్ద గేదెల పోలయ్య రాయించాడు.

"అయ్యా, మీరెవరో మాకు తెలియదు. పూర్వుల పద్యం ఉండగా, ఎవరో లేఖరి రాసిన చీటీని పట్టుకొని పద్ధతి మార్చమంటే మా వాళ్లు నవ్వారు. ఆ మహానుభావుడి మాటను తప్పు పట్టేపాటి చదువు మీకుందా? మీ చీటీలో ఒక్క పాదానికైనా యతి లేదు."

రెండుసార్లు చదివాను. నూకరత్నం నా చేతిలోంచి కాగితం తీసుకొని, చదివి, మడిచి, బొడ్లో దోపుకుంది.

"బండి కట్టించు," అంది తవిటినాయుడితో. "చీటీలతో అవ్వదు."


గాలికాలం, నలభైఒకటో రోజు, ఎర్రదిబ్బ

ఏడో నంబరులో నాలుగు గంటల ప్రయాణం. డాక్టరమ్మ అనుమతితో, దారిలో రోగులను ఎక్కించుకొని దించుతూ వచ్చాము. ఎర్రదిబ్బ శాల మా దానికి మూడింతలు. లోపలికి అడుగుపెట్టిన వెంటనే చేతులు తోముకునే తొట్టి ఉంది. దాని పైన గోడనిండా, మూరెడేసి అక్షరాలతో నా పద్యం రాసి ఉంది. చుట్టూ పసుపు అంచు, పైన పూలదండ. అడుగున "పూర్వుల వాక్కు" అని సంతకంలా పెట్టారు. తొట్టి గట్టు మీద సున్నిపిండి గిన్నె.

ఆ గోడ ముందు నిలబడిపోయాను. నూకరత్నం మోచేయి పట్టి నడిపించింది.

పోలయ్య అరవై దాటిన భారీమనిషి. మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"ఏటమ్మా, చీటీ చాలక మనుషులు కూడా వచ్చారేటి?"

నూకరత్నం జవాబు చెప్పకుండా, రేఖలు లేని గులాబిరంగు అరచేతిని బల్ల మీద పరిచింది. "ఇది నలభైనాలుగు ఉండేది, పోలయ్య మావా. తీయించుకున్నాను. ఇప్పుడు నీ చెయ్యి దీని పక్కన పెట్టు."

"పెద్దల పద్యం కాదని..."

"ఆ పెద్దాయన ఈయనే," అంది నా వైపు గడ్డం ఎత్తి.

పోలయ్య నన్ను తలనుంచి పాదాల దాకా చూశాడు. ప్రయాణంలో నా ఉత్తరీయానికి ఉప్పు పట్టి, అట్ట కట్టి ఉంది.

"ఈయనా? ఇంకా బతికే ఉన్నారా?"

"ఉన్నాను," అన్నాను. "ఆ పద్యం నాది. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కట్టాను. అందులో గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది, అర్థం తప్పు. అప్పటికి నేను ఒక్క బండినీ తాకి ఎరుగను."

శాలలో మెషీన్ల మోత ఒకటొకటిగా ఆగిపోయింది. పోలయ్య గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ తరువాత కుడిచేయి తెచ్చి నూకరత్నం చేతి పక్కన వెల్లకిలా పెట్టాడు. కిటికీలోని ఆకాశం ఆ అరచేతిలో పూర్తిగా కనిపించింది. ఒక మబ్బు దాని మీదుగా సాగిపోయింది.

మీటరు ఆనించాను.

"ఎంతండి?" అన్నాడు పోలయ్య. అతని వేళ్లు బల్ల మీద మడవడానికి ప్రయత్నించి, సగంలో ఆగిపోయాయి.

నూకరత్నం వంగి చూసి చదివింది. "డెబ్బైరెండు."

ఎవరూ పిలవలేదు. అయినా అతని వెనకనుంచి పనివారు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మొదట ఇద్దరు, తరువాత పదిమంది, చివరకు గట్టు మీదనుంచి కూడా. ఎవరి చేతిని వారే ఒకసారి చూసుకొని, అడగడానికి భయపడుతున్నట్టుగా, నా వైపు చాపారు. పశ్చిమపు కిటికీలోంచి పడిన ఎండ ఆ అరచేతులన్నిటి మీదనుంచి తిరిగి వచ్చి నా కళ్లలో కొట్టింది. చేయి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

"తొడుగులు ఎన్ని తెచ్చాం?" అని అడిగాను.

"ఆరు జతలు," అంది నూకరత్నం. "కూచోండి. నేను మీటరు చదువుతాను."

తొడుగులు వేసుకున్నాను. గుడ్డ తడిపి పోలయ్య చేయి అందుకున్నాను. నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు.